కోటుకి చెప్పిన పాఠం

"మావయ్యా, 'వాన ఆగితే' అంటే నీకేమర్థమైంది?"

"లోపలికి తెచ్చిన బట్టలు మళ్లీ ఆరేసుకోవచ్చని."

"అబ్బా, అది కాదు. వాక్యం పూర్తయిందా, లేదా?"

"వానే పూర్తి కాలేదు, వాక్యం ఎలా పూర్తవుతుంది అమ్మడూ?"

మా అక్క కూతురు చేతిలో ఉన్న పుస్తకంతో తన నుదురు తనే కొట్టుకుంది. నేను నవ్వు బయటపడకుండా కుట్టుమిషను మీదికి వంగి దారం కొరికాను.

మాది బట్టలు సరిచేసే దుకాణం. వదులైన నడుము బిగిస్తాం, బిగుతైన భుజాలు వదులు చేస్తాం, ఊడిన కాలర్లు మారుస్తాం. కుట్టేది నేను, కౌంటర్లో కూర్చునేది అక్క. ఇల్లు దుకాణం పైనే. అక్క కూతురు వీధి చివర బళ్లో భాషాపాఠాలు చెబుతుంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం కావాలంటే బడి నడిపే పెద్ద మేడం వెనకబెంచీలో కూర్చుని ఒక పాఠం వినాలి, అది ఆవిడకి నచ్చాలి. మొదటిసారి ఆవిడ కూర్చున్నప్పుడు మా పిల్ల భయంతో పాఠమంతా పన్నెండు నిమిషాల్లో చెప్పేసింది. మిగతా అరగంట ఏం చెయ్యాలో తోచక హాజరు రెండోసారి పిలిచింది. పెద్ద మేడం ఇంకొక్కసారి వింటానన్నారట. ఆ ఒక్కసారి శుక్రవారం పొద్దున పదింటికి. ఇది కూడా పోతే సోమవారం నుంచి ఇంట్లోనే. ఇవాళ గురువారం.

పాఠం పేరు ప్రధాన వాక్యం, ఉపవాక్యం. అది ముందు నా మీద ప్రయోగించాలని తల్లీకూతుళ్లు నిర్ణయించారు. నేను ఏడో తరగతి దాకా చదివాను. ఏడులో రెండేళ్లు ఉన్నాను కాబట్టి ఎనిమిదేళ్ల చదువని నా లెక్క. అక్క లెక్క వేరు. "వీడికి అర్థమైతే గోడక్కూడా అర్థమవుతుందే" అంది కూతురితో.

నిజం చెప్పాలంటే నాకు సోమవారమే అర్థమైంది. 'ఇంటికి వెళ్తాను' అనేది తన కాళ్ల మీద తను నిలబడుతుంది. 'వాన ఆగితే' నిలబడదు, దానికి ఎవరో ఒకరు ఆసరా ఉండాలి. అంతే కదా. కానీ అర్థం కాలేదన్నప్పుడు ఆ పిల్ల ముక్కు కొస ఎర్రబడుతుంది, చూడ్డానికి భలే ఉంటుంది. అందుకని అర్థం కాలేదన్నాను. పాపం, మంగళవారానికి పాఠం మార్చి రాసుకొచ్చింది. అదీ అర్థం కాలేదన్నాను. బుధవారం పుస్తకంలోంచి సమాపక క్రియ, అసమాపక క్రియ అని ఇద్దరిని పట్టుకొచ్చింది. వాళ్లు కవలపిల్లల్లా ఉన్నారు, ఎవరెవరో పోల్చుకోలేకపోయాను. పైగా వెనకాలే సామాన్య వాక్యం, సంక్లిష్ట వాక్యం, సంయుక్త వాక్యం వరసగా వచ్చి కూర్చున్నాయి. ఆరోజు సాయంత్రానికి నాకు సోమవారం తెలిసింది కూడా పోయింది. నాటకంగా మొదలుపెట్టిన అయోమయం నిజంగానే వచ్చి బుర్రలో కాపురం పెట్టింది.

గురువారం మధ్యాహ్నానికి పిల్ల గొంతు బొంగురుపోయింది. "రేపు ఆవిడ నా వైపు చూస్తే చాలు మావయ్యా, నోట్లో మాట నోట్లోనే ఉండిపోతుంది" అంది.

అది చూసి నాకే జాలేసింది.

"అయితే ఆవిణ్ని ఇక్కడే కూర్చోబెడదాం" అన్నాను.

కుట్టాల్సిన బట్టలు గోడవార ఇనపకడ్డీకి వేలాడుతున్నాయి. వాటిలో పెద్ద మేడం బూడిదరంగు కోటు ఒకటి. చేతులు విప్పి, తెల్లదారంతో వదులుగా కచ్చా కుట్లు వేసి ఉంచాను. పక్కన బస్సు డ్రైవరు యూనిఫాం చొక్కా, దాని పక్కన పళ్ల డాక్టరు ప్యాంటు. ఇవే నీ పిల్లలు, వెనకున్న కోటు పెద్ద మేడం అన్నాను. దుకాణంలో వాడే పసుపు చీటీలు ఇచ్చి ఉపవాక్యాలు రాయమన్నాను. తను రాసిన వాటిలోంచి ఏరి 'బస్సు దొరకక' అన్నది డ్రైవరు చొక్కాకి, 'పళ్లు తోమకుండా' అన్నది డాక్టరు ప్యాంటుకి పిన్నీసుతో గుచ్చాను. కోటుకి మాత్రం నా సొంత చీటీ ఒకటి రాసి గుచ్చాను. 'నోరు మూసుకుంటే.'

అది చదివి పిల్ల పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, కోటు ముందు నిలబడి పాఠం మొదలుపెట్టింది. ఏం చెప్పిందనుకున్నారు! పుస్తకం ముట్టుకోలేదు. తడబడలేదు. ప్యాంటుని లేపి ప్రశ్న అడిగింది, చొక్కాని మెచ్చుకుంది, కోటు వైపు చూసి "మీకేమైనా సందేహాలున్నాయా మేడం?" అని కూడా అడిగింది. అరగంట తర్వాత పుస్తకం సర్దుకోవడానికి పైకి వెళ్లింది. నేను బెల్టు తెగిన రెండో మిషనుకి కొత్త బెల్టు తేవడానికి బజారుకి వెళ్లాను. పైన కునుకు తీస్తున్న అక్క దిగొచ్చేలోపు తిరిగి రావచ్చు, బట్టల సంగతి అప్పుడు చూసుకోవచ్చనుకున్నాను.

ఇక్కడ మా దుకాణం పద్ధతి ఒకటి చెప్పాలి. నిరుడు నేను ఒకాయన ప్యాంటుకి ఒక కాలే పొట్టి చేసి ఇచ్చేశాను. ఆయన మొహమాటస్తుడు, రెండ్రోజులు అలాగే తిరిగాడు. అప్పట్నుంచి అక్క ఒక కట్టుబాటు పెట్టింది. కుట్టు పూర్తయితేనే బట్టకి చీటీ గుచ్చాలి. చీటీ లేని బట్ట కదలకూడదు. చీటీ ఉన్న బట్టని మారు మాట్లాడకుండా ఇచ్చెయ్యాలి. అక్కకి మనుషుల పేర్లు గుర్తుండవు గానీ బట్టని చూస్తే మనిషి గుర్తొస్తాడు. అందుకని చీటీ మీద ఏముందో చదవదు, ఉందా లేదా అని చూస్తుంది.

నేను బెల్టు పట్టుకుని వచ్చేసరికి కడ్డీ ఖాళీగా ఉంది. హ్యాంగర్లు మాత్రం వేలాడుతున్నాయి.

"ఒరేయ్, నీకేమైందిరా ఇవాళ? మూడూ సమయానికి కుట్టేశావు!" అంది అక్క, మొహం వెలిగిపోతూ. "అందరూ వచ్చారు, ఇచ్చి పంపేశాను."

ఖాళీ హ్యాంగరు ఒకటి పట్టుకుని చూశాను. "కోటు?"

"పెద్ద మేడం స్వయంగా వచ్చారు. మడత పెట్టి సంచీలో పెట్టిచ్చాను."

ఏం జరిగిందో చెప్పేలోపు డ్రైవరు వచ్చేశాడు. చొక్కా కౌంటరు మీద పడేసి, చీటీ నా కళ్ల ముందు ఆడించాడు.

"ఏంటి టైలరూ ఇది? 'బస్సు దొరకక' అట! బస్సు నా చేతిలోనే ఉంటుంది కదయ్యా! ఎవరికి దొరకలేదు?"

"అబ్బే, ఎవరికీ కాదు. అది పాఠం."

"నాకు పాఠం చెప్తున్నావా? నా మీద ఎవరైనా ఫిర్యాదు చేశారా? ఉన్నదున్నట్టు చెప్పు. దొరకక ఏమైంది?"

"ఏమీ కాలేదన్నా. అక్కడితో అంతే."

"అంతే ఎలా అవుతుంది? దొరకక నడిచెళ్లారా? దొరకక పడిపోయారా? పొద్దున డ్యూటీ ఎక్కేదాకా నాకు ఇదే ఆలోచన!"

చొక్కా కాలరు కచ్చా కుట్లు ఊడి చెవిలా వేలాడుతోంది. దాని ఊసే ఎత్తలేదు ఆయన. ఇంతలో ఫోన్ మోగింది. పళ్ల డాక్టరు.

"చూడండి, 'పళ్లు తోమకుండా' అని రాసి పంపారు. నేను పళ్లు తోమకుండా ఏం చేశాను? ఎవరు చూశారు?"

అక్క అటు ఫోన్‌నీ ఇటు డ్రైవర్నీ చూసి, చివరికి నన్ను చూసింది. "ఒరేయ్, ఏం చేశావురా?"

మెట్ల మీద చప్పుడైంది. పిల్ల అక్కడే నిలబడి ఉంది, మొత్తం వింది. మొదట నమ్మలేదు. "మళ్లీ మొదలెట్టావా మావయ్యా? డ్రైవరు అన్నతో కూడా మాట్లాడుకున్నావా?" అంది. తర్వాత ఖాళీ కడ్డీ వైపు చూసింది. హ్యాంగర్లు లెక్కపెట్టింది. నెమ్మదిగా మెట్టు మీద కూర్చుండిపోయింది.

"కోటుకి ఏ చీటీ పెట్టావో గుర్తుందా?" అంది.

గుర్తు లేకపోవడమేంటి.

ఇంకా వెలుతురుండగానే ఇద్దరం పెద్ద మేడం ఇంటికి వెళ్లాం. రెండు వీధుల అవతల, రెండో అంతస్తు. తలుపు ఆవిడే తీశారు. బల్ల మీద కోటు పరిచి ఉంది, దాని మీద పసుపు చీటీ, దాని మీద ఆవిడ కళ్లజోడు.

"రండి. మీకోసమే చూస్తున్నాను. ఇది కుట్టుకి సంబంధించిన సూచనా?" అన్నారు.

"కాదు మేడం" అన్నాను. "నేను రాసింది. అమ్మాయికి ఏ సంబంధం లేదు."

"ఎవరు మూసుకోవాలి నోరు?"

"ఎవరూ కాదండి. అది ఉపవాక్యం. దానికి కర్త ఇంకా రాలేదు." నాకు తెలిసినవన్నీ ఒక్కసారే నోట్లోకి వచ్చేశాయి. "అమ్మాయికి భయంగా ఉందని కోటుకి పాఠం చెప్పించానండి. ప్యాంటూ చొక్కా పిల్లలు. కోటు వెనకబెంచీ."

ఆవిడ కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. "అంటే నేను కోటునా?"

"ఛఛ, మీరు కోటు కాదు మేడం. కోటే మీరు."

పిల్ల నా మోచెయ్యి గట్టిగా గిల్లింది.

"కోటుకి పాఠం అర్థమైందా?" అని అడిగారు ఆవిడ.

"చాలా బాగా అర్థమైందండి."

ఆవిడ నవ్వలేదు. కోపంగానూ లేరు. ఆ మొహంలో ఏముందో చదవడం నా వల్ల కాలేదు. కోటు మడిచి నా చేతిలో పెట్టారు. "రేపు పదింటికి ముందు చేతులు బిగించి బడికి తెండి. మీరే తెండి" అని తలుపు వేశారు.

"అంటే ఏమిటి?" అన్నాను మెట్లు దిగుతూ.

"నాకేం తెలుసు?" అంది పిల్ల. వీధిలోకి వచ్చాక ఆగిపోయింది. "చీటీలూ వద్దు, ఏమీ వద్దు. రేపు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివేస్తాను. కనీసం తప్పు పట్టడానికి ఉండదు."

"అది మాత్రం చెయ్యకు. పుస్తకం పాఠం నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు."

"నీకు ఏ పాఠమూ అర్థం కాలేదుగా!"

అప్పుడు చెప్పక తప్పలేదు. "సోమవారం అర్థమైంది అమ్మడూ. మంగళవారం కూడా అయింది. ఊరికే ఆటపట్టించాను. బుధవారం మాత్రం నిజంగానే కాలేదు. ఇవాళ కోటుకి చెప్పావే, అది మళ్లీ అర్థమైంది."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ముక్కు ఎర్రబడింది. ఆ ఎరుపు చూడ్డానికి ఏమాత్రం బాగోలేదు.

"బాగున్న పాఠాన్ని నీ మాట నమ్మి రోజూ పాడుచేసుకున్నానన్నమాట" అంది. "ఇప్పుడు ఏది బాగుందో ఏది బాలేదో నాకు తెలియట్లేదు మావయ్యా. ఇప్పుడు నువ్వు చెప్తున్నదైనా నిజమని ఎలా అనుకోను?"

ఇన్నేళ్లలో నన్ను నమ్మొద్దని అందరికీ నేనే బాగా నేర్పాను. ఆ ఒక్క పాఠం ఎవరికీ తప్పు పోలేదు. ఇంటికి చేరేదాకా తను నాకు రెండడుగులు ముందే నడిచింది.

పొద్దున్నే లేచి కోటు చేతులు బిగించి, కచ్చా దారమంతా ఏరేసి బడికి పట్టుకెళ్లాను. పెద్ద మేడం వరండాలోనే తొడుక్కుని, చేతులు రెండూ పైకెత్తి దించి, "బాగుంది" అన్నారు. నేను వెనక్కి తిరగబోయాను.

"ఎక్కడికి? మీరూ రండి, వినండి."

వెనకబెంచీలో ఆవిడ పక్కన నన్ను కూర్చోబెట్టారు. అది పదేళ్ల పిల్లల బెంచీ. నా మోకాళ్లు గడ్డానికి తగిలాయి. లోపలికి వచ్చిన మా పిల్ల ముందు ఆవిణ్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. చేతిలో పుస్తకం తెరిచే ఉంది. అయిపోయింది, చదివేస్తుంది అనుకున్నాను.

రెండు నిమిషాలు పుస్తకంలోకే చూసింది. తర్వాత మూసి బల్ల మీద పెట్టింది.

"వాన ఆగితే" అంది. అని ఊరుకుంది.

ఒకడు కిటికీలోంచి ఆకాశం చూశాడు. ముందు వరసలో ఒక పిల్ల ఉండబట్టలేక, "ఆగితే ఏంటి టీచర్?" అంది.

"ఏమో. నేను చెప్పాల్సింది చెప్పేశాను."

"చెప్పలేదు టీచర్!" అని నలుగురైదుగురు అరిచారు.

"ఎందుకు చెప్పలేదంటున్నారు?"

అక్కణ్నుంచి పాఠం నడిచింది. మరీ పరిగెత్తకుండా, మధ్యమధ్య కాస్త కుంటుతూ నడిచింది. ఒకసారి సుద్దముక్క విరిగింది, ఒకసారి తను చెప్పాల్సింది మర్చిపోయి పిల్లల్నే అడిగింది. పక్కన పెద్ద మేడం కలం ఆగకుండా ఏదో రాస్తోంది. నేను ఆ కాగితం వైపు ఎంత మెడ చాచినా ఒక్క అక్షరం కనపడలేదు.

చివర్లో బోర్డు మీద ఇంకో వాక్యం రాసింది. 'నువ్వు రమ్మన్నావని వచ్చాను.' ఇందులో 'వచ్చాను' ప్రధానం, ముందున్నది ఉపవాక్యం అంది. ముందుకెళ్లిపోబోయింది.

నాకు కాలు కింద ముల్లు గుచ్చుకున్నట్టయింది. 'నువ్వు రమ్మన్నావు' అన్నది నిలబడుతోంది కదా! దానికి ఆసరా అక్కర్లేదు కదా! మరి ఉపవాక్యం ఎలా అయింది? చెయ్యి సగం లేపాను. లేపి దించాను. అడిగితే మళ్లీ ఆటపట్టిస్తున్నాననుకుంటుంది. తడబడిందంటే ఇంతసేపు చెప్పిందంతా నీళ్లపాలు. పోనీ ఊరుకుందామంటే, నా ముందు రెండు వరసల పిల్లలు పక్కవాళ్ల వైపు తిరిగి చూస్తున్నారు, ఆ మొహాలు కూడా నా మొహంలాగే ఉన్నాయి. ఎవరూ అడగడం లేదు. అందరూ అర్థమైనట్టు తల ఊపుతున్నారు. ఆ తల ఊపడం నాకు తెలుసు. ఏడో తరగతి రెండేళ్లూ నేను చేసింది అదే.

చెయ్యి ఎత్తాను.

"టీచర్" అన్నాను. గొంతులో వెటకారం లేకుండా ఆ మాట అనడం అదే మొదలు. "'నువ్వు రమ్మన్నావు' అంటే పూర్తయిపోయింది కదండీ. దానంతటది నిలబడుతుంది. మరి అది ఉపవాక్యం ఎలా అవుతుంది?"

పిల్లలు వెనక్కి తిరిగి నన్ను చూసి ఘొల్లున నవ్వారు. పెద్ద మేడం కలం ఆగింది. మా పిల్ల నన్నే చూస్తోంది. ఒక్క క్షణం, రెండు క్షణాలు. ఆ చూపు 'నిజమేనా' అని అడుగుతోంది. నాకు తల ఊపడానికి కూడా ధైర్యం చాల్లేదు.

"నవ్వకండి" అంది పిల్లలతో. "ఆయన అడిగింది చాలా మంచి ప్రశ్న. ఎంతమందికి ఇదే అనుమానం వచ్చింది?"

ఎవరూ కదల్లేదు. తర్వాత ఒక చెయ్యి లేచింది. దాని వెనకాల బిలబిలమంటూ సగం తరగతి చేతులు లేచాయి.

"సరే. 'నువ్వు రమ్మన్నావు.' ఒంటరిగా ఉన్నంతసేపు ఇది పూర్తి వాక్యమే. ఇప్పుడు చివర 'అని' తగిలించి పైకి చదవండి."

"నువ్వు రమ్మన్నావని..." అంటూ తరగతంతా గాల్లో వేలాడింది.

"ఆగగలిగారా?"

"లేదు!"

"ఎందుకు?"

"ఇంకేదో రావాలి!"

"అదీ సంగతి. పూర్తయిన వాక్యమైనా సరే, ఇంకో వాక్యం ఇంట్లోకి వెళ్తే అక్కడ పెద్దరికం చేస్తానంటే కుదరదు. ఆ ఇంటి చివరి క్రియ చెప్పిందే వేదం. ఇంకోటి చూద్దాం. 'మావయ్య అబద్ధమాడాడు.' పూర్తయిందా?"

"పూర్తయింది!"

"'మావయ్య అబద్ధమాడాడని'?"

"టీచర్ బెంచీ ఎక్కించింది!" అన్నాడొకడు. "అమ్మమ్మ అన్నం పెట్టలేదు!" అంది ఇంకో పిల్ల. "పోలీసులు వచ్చారు!" "వాళ్లూ నమ్మలేదు!" గదంతా నన్ను రకరకాలుగా శిక్షించింది. నా బుర్రలో మబ్బు విడిపోయినట్టయింది. 'అర్థమైంది' అని పైకే అనేశాను. గంట మోగింది.

పెద్ద మేడం తనని గదిలోకి పిలిచారు. నేను వరండాలో నిలబడ్డాను. గోడకున్న పటం మీద నదులన్నీ రెండుసార్లు చదివాను, ఒక్కటీ ఎక్కలేదు. చాలాసేపటికి పిల్ల బయటికి వచ్చింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"ఏమన్నారు?"

"కాగితం మీద సంతకం పెట్టమన్నారు."

"మానేస్తున్నట్టా?"

"ఉద్యోగం ఖాయమైనట్టు." అప్పుడు ఏడ్చింది. నాకు ఏం చెయ్యాలో తోచక జేబులోంచి కొలతల టేపు తీసిచ్చాను. దాంతోనే కళ్లు తుడుచుకుంది. "వెనకబెంచీ విద్యార్థి మాట్లాడేముందు లేచి నిలబడాలని చెప్పమన్నారు."

"మోకాళ్లు ఇరుక్కుపోయాయని చెప్పకపోయావా?" అన్నాను. తర్వాత ఉండబట్టలేక అడిగాను. "అమ్మడూ, నేను నిజంగానే అడిగానని నీకెలా తెలిసింది?"

"అబద్ధమాడేటప్పుడు నీ మొహం చాలా తెలివిగా ఉంటుంది మావయ్యా. ఇవాళ అలా లేదు."

ఇది పొగడ్తా, తిట్టా అని ఆలోచించేలోపు తను టేపు నా మెడలో వేసి ఇంకో తరగతికి వెళ్లిపోయింది. ఆలోచిస్తూనే నడిచి, బయటికి దారి అనుకుని ఒక తలుపు తోశాను. అదింకో తరగతి గది. లోపలున్న ముప్పైమంది పిల్లలు ఒక్కసారిగా లేచి "గుడ్ మార్నింగ్ సార్" అన్నారు.

కూర్చోమన్నాను.